వాన పడ్డంక వచ్చి చూడుండ్రి

ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు దిగి రాధిక థియేటర్ వైపు నడిచేవాళ్లకు ఇదొక పాత ప్రాంతమన్న సంగతే తట్టదు. నగల దుకాణాలు, బట్టల షోరూములు, బిర్యానీ హోటళ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి ముందు అడ్డదిడ్డంగా ఆపిన బండ్లు. అదే మెయిన్ రోడ్డు మీంచి ఏదో ఒక వీధిలోకి మళ్లి వంద అడుగులు వేస్తే హారన్ల మోత వెనకబడిపోతుంది. ప్రహరీ దాటి వీధిలోకి వంగిన మామిడి కొమ్మలు, గేటు పక్కన నాపరాతి అరుగులు, డాబా మీద ఆరేసిన వడియాలు, నలభై ఏళ్లనాటి ఇళ్లు. సొంతింటి కోసం మేం నెలల తరబడి తిరిగింది హైదరాబాద్‌కు ఈశాన్యాన ఉన్న ఈ వీధుల్లోనే. ఏఎస్ రావు నగర్, కమలానగర్, కాప్రా, సైనిక్‌పురి, నేరేడ్‌మెట్.

మేముంటున్నది హబ్సిగూడలో, మూడో అంతస్తు అద్దె ఫ్లాటులో. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య కిందికి దిగడమే మానేశారు. పిల్లలిద్దరికీ ఆడుకునే చోటంటే పార్కింగే. నా ఉద్యోగం తార్నాకలో, మా ఆయన ఆఫీసు మాదాపూర్‌లో. తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో ఫ్లాటుకు పెట్టే డబ్బుకు ఇంకాస్త కలుపుకుంటే ఇటువైపు చిన్నదో పాతదో నేల మీద ఇల్లే వస్తుందని మా లెక్క. అయితే అసలు కారణం లెక్క కాదు. కొత్త వెంచర్లో అమ్మేవాడు చెప్పేది వినడం తప్ప మనం తెలుసుకోగలిగేది చాలా తక్కువ. పాత కాలనీ నలభై వానాకాలాలు, నలభై ఎండాకాలాలు చూసేసింది. ఆ సంగతులు గోడల మీద ఉన్నాయి, అక్కడి మనుషుల నోళ్లలో ఉన్నాయి. ఓపిగ్గా తిరిగి అడిగితే చాలావరకు తెలిసిపోతుందని నా నమ్మకం. తిరిగిన కొద్దీ ఆ నమ్మకం బలపడింది.

1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పెట్టేనాటికి ఇదంతా ఊరికి దూరంగా గుట్టలూ బండలూ ఉన్న నేల. ఆ సంస్థను నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఉద్యోగుల కాలనీ ఏఎస్ రావు నగర్‌కు పెట్టారు. పక్కనే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ వచ్చింది. మౌలాలి వైపు రైల్వే వాళ్లు, సైనిక్‌పురిలో మాజీ సైనికులు ఇళ్లు కట్టుకున్నారు. నెల జీతం మీద బతికే మనుషులు సొసైటీలుగా చేరి, స్థలం కొని, పార్కుకూ రోడ్డుకూ చోటు వదిలి, లోను తీసుకుని గది గదిగా కట్టుకున్న కాలనీలివి. పక్కపక్కనే గ్రామ పంచాయతీ లేఅవుట్లూ వెలిశాయి. కాప్రా 2007 దాకా వేరే మున్సిపాలిటీ. ఆ ఏడు ఏప్రిల్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో పాటు దీన్ని కూడా కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఈ చరిత్ర ఇల్లు కొనేవాళ్లకు ఎందుకంటే, ఒక వీధిలో ముప్పై అడుగుల రోడ్డూ పార్కూ ఉండి, దాన్ని ఆనుకున్న వీధిలో ఆటో తిరగడానికి కూడా చోటు లేకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. సొసైటీ లేఅవుటా, పంచాయతీ లేఅవుటా, అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా అనుమతి ఉన్నదా అని అడగడం మేం ఇక్కడే నేర్చుకున్నాం.

ఎండలు మండుతున్నప్పుడు చూసిన ఒక ఇల్లు మా అందరి మనసూ దోచింది. తూర్పు ముఖం, ముందు వేపచెట్టు, లోపల నల్లటి చుక్కల మొజాయిక్ గచ్చు. నలభై ఏళ్ల తుడుపుకి ఆ గచ్చు అద్దంలా నున్నబడింది. ఇంటాయన ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ ఉన్న ఈసీ టీవీల తయారీలో పనిచేశానని చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. హాల్లో మూలన ఆ టీవీ ఇంకా ఉంది, మీద క్రోషియా గుడ్డ కప్పి. పిల్లలిద్దరూ అమెరికాలో. ఇంత ఇల్లు చూసుకోలేకపోతున్నామనీ, అమ్మేసి కొడుకు కొనిపెట్టిన ఫ్లాటుకు వెళ్తామనీ చెప్పారు.

"తొందరేం లేదమ్మా, మళ్లీ మళ్లీ వచ్చి చూసుకోండి. ఇల్లు కొనడమంటే మాటలా?" అన్నారు ఆయన భార్య, మజ్జిగ గ్లాసులు చేతికిస్తూ.

బయటికొచ్చి మలుపు దగ్గర చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమెను పలకరించాను. చాలా ఏళ్లుగా అక్కడే ఉంటోందట. ఈ వీధి ఎట్లా ఉంటుందని అడిగితే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పుడేం జూస్తరు మేడం. ఎండల అన్ని ఇండ్లు మంచిగనే కొడ్తయి. వాన పడ్డంక వచ్చి చూడుండ్రి."

అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఆ పెద్దాయన బట్టలూ ఆమే ఇస్త్రీ చేస్తుంది కదా, నోరు కట్టేసుకుని ఉంటుంది.

ఆ మాట పట్టుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు నా కళ్లు వేరే చోట్ల వెతికాయి. వంటింట్లో ఫ్రిజ్ స్టాండు మీద లేదు, రెండు వరసల ఇటుకల మీద ఉంది. సోఫా కాళ్ల కింద చెక్కముక్కలు. ప్లగ్ పాయింట్లు గచ్చుకు దగ్గరగా ఒక్కటీ లేవు, పాత గుంతలను సిమెంటుతో మూసి అన్నీ నడుమెత్తుకు జరిపారు. బీరువా అడుగున తుప్పు ఒకే ఎత్తులో, గీత గీసినట్టు తేలిపోయింది. గేటు దగ్గర రెండు పక్కలా ఇనుప గాడి బిగించి ఉంది, పలక దింపి నీళ్లు ఆపడానికి. వాకిట్లోంచి వీధిలోకి ఎక్కాలంటే రెండు మెట్లు. ఇల్లు కట్టిననాడు వీధి కిందా ఇల్లు పైనా ఉండేదట. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే తారు, తారు మీద సీసీ, పొర మీద పొర వేసుకుంటూ పోతే వీధి లేచింది, ఇల్లు పల్లంలో మిగిలిపోయింది. హైదరాబాద్ పాత కాలనీల్లో వేల ఇళ్ల కథ ఇదే. ఇంటిని ఎంత బాగా కట్టుకున్నా, ముందున్న రోడ్డు పెరగకుండా ఆపడం ఇంటివాడి చేతిలో లేదు. వీధి మట్టం నుంచి గడప ఎంత ఎత్తులో ఉందన్నది పాత ఇంట్లో మొట్టమొదట చూడాల్సిన కొలత అంటాను. వాస్తు, వెలుతురు, గచ్చు అన్నీ దాని తర్వాతే.

పెద్దాయన్ని నేరుగా అడిగాం. ఆయన కాసేపు ఆగి, "అడిగితే అబద్ధం చెప్పను తల్లీ" అన్నారు. 2020 అక్టోబరు వానల్లో రాత్రంతా మంచం మీద కూర్చున్నామనీ, ఆ తర్వాత కూడా పెద్ద వాన పడితే వాకిట్లోకి వస్తున్నాయనీ చెప్పారు. అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన ఆ వాన హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోలేదు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటింది. ఆ నీరు ఎక్కడెక్కడ నిలిచిందో తెలుసుకుంటే ఈ నగరంలో చెరువులూ వాటిని కలిపే కాలువలూ ఎక్కడుండేవో తెలిసిపోతుంది.

జూలైలో ఒక సాయంత్రం రెండు గంటలు దంచి కొట్టింది. వాన తెరిపివ్వగానే బయల్దేరాం. మెయిన్ రోడ్డు దగ్గర చీలమండ లోతున్న నీరు ఆ వీధి మలుపుకి వచ్చేసరికి మోకాలిదాకా వచ్చింది. మురుగు వాసన, తేలుతున్న చెప్పులు, మ్యాన్‌హోల్ దగ్గర ఎవరో గుచ్చిన చెట్టుకొమ్మ. పెద్దాయన గాడిలో పలక దింపి, గోనెసంచులు అడ్డంపెట్టి, చీపురుతో నీళ్లు తోస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. మా ఆయన పక్కన చేరి సాయంపట్టారు. ఆ ఇల్లు కొనబోవడం లేదని ఇద్దరికీ ఆ క్షణంలోనే తెలుసు. ఆ మనిషి మీద గౌరవం మాత్రం పెరిగింది. నిజం దాచి అమ్ముకునే అవకాశం ఆయనకు ఎండాకాలమంతా ఉంది.

అదే సాయంత్రం తడిబట్టలతోనే మిగతా వీధులన్నీ తిరిగాం. ఎక్కడ నీరు జారిపోతోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎటు పరుగెడుతోంది. కాప్రా చెరువు వైపు దిగే కొద్దీ ఒక తీరు, మెరక మీదికి ఎక్కే కొద్దీ ఒక తీరు. రెండు ఫర్లాంగుల తేడాలో ఒక వీధి కాలువ, పక్క వీధి కడిగిన పలక. గూగుల్ మ్యాపులో ఈ ఎత్తుపల్లాలు కనబడవు, బ్రోకరు చెప్పడు.

చెరువు దగ్గరున్న ఇళ్లకు ఇప్పుడు మరో లెక్క కూడా చూసుకోవాలి. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. నాలాకు వెడల్పును బట్టి 9 మీటర్లో 2 మీటర్లో. ఈ నిబంధన ఏళ్లుగా కాగితం మీద ఉన్నా, 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక జనం సర్వే నంబర్లు పట్టుకుని మ్యాపులు వెతకడం మొదలుపెట్టారు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్లో పెట్టింది. మా జాబితాలోని ప్రతి ఇంటి సర్వే నంబరునూ మా ఆయన అందులో సరిచూశారు. నచ్చిన ఇల్లొకటి ఆ పరీక్షలోనే పోయింది.

సైనిక్‌పురి మాకు అందే చోటు కాదు. పెద్ద పెద్ద స్థలాలు, చెట్ల నీడన బంగళాలు, వాటిల్లో కొన్ని కాఫీ షాపులుగా మారుతున్నాయి. చూసి సంతోషపడి వచ్చేశాం.

రాత్రి పూట కూడా వెళ్లాలని పట్టుబట్టింది నేను. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఇక్కడికి ఉత్తరాన ఉంది. నగరం చెత్తలో ఎక్కువ భాగం చేరేది అక్కడికే. పగలు ఏమీ తెలియదు. గాలి అటునుంచి తిరిగిన రాత్రి, అందులోనూ వాన పడి వెలిసిన రాత్రి, దమ్మాయిగూడ వైపు కాలనీల్లో నిలబడితే కడుపులో తిప్పుతుంది. మట్టితో కప్పారు, చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, మునుపటి మీద నయమేనని అక్కడివాళ్లు చెప్పారు. అయినా కిటికీలు మూసుకుని పడుకునే రాత్రులు ఉన్నాయన్నారు. మేం చూస్తున్న వీధుల్లో ఎప్పుడో ఒకసారి లీలగా వస్తుందట. చిన్నపిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. రాత్రి పదింటికి వీధిలో నిలబడి గాలి పీల్చకుండా బయానా ఇవ్వొద్దని నేను అందరికీ చెబుతాను.

నీళ్ల సంగతి తెలుసుకోవడానికి తెల్లవారుజామున వెళ్లాలి. ఉత్తర హైదరాబాద్‌కు ఇప్పుడు గోదావరి నీళ్లొస్తున్నాయి. 2015కు ముందు ఈ ప్రాంతం ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన కథలు ప్రతి ఇంటిలోనూ ఉన్నాయి. రోజు విడిచి రోజు నల్లా వదులుతారు. ఏ వీధికి ఎంతసేపు, ఎంత ధారగా అన్నదాంట్లో మాత్రం తేడా ఉంది. సంపు మూత తీసి నింపుకుంటున్న ఒకావిడ, "మొదటి రెండు నిమిషాలు వదిలేయాలక్కా, పాత పైపులు, రంగుగా వస్తాయి" అంది. అత్తయ్య ప్రతి ఇంట్లోనూ బోరు నీళ్లు అడిగి పుక్కిలించి చూశారు. ఒకచోట నోట్లో పోసుకోగానే ఉమ్మేసి, "వీటితో పప్పు ఉడకదు" అని తేల్చేశారు.

రాకపోకలు సోమవారం ఉదయమే తేలాలి. మెట్రో ఈసీఐఎల్ దాకా రాలేదు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలి లైను ఎక్కాలంటే తార్నాక, హబ్సిగూడ దాకా బస్సో బండో తప్పదు. అక్కడ ఎక్కితే మాత్రం మాదాపూర్‌కు దారిలో మారే పని లేదు. నా ఆఫీసుకు బస్సుంది. మౌలాలి మీదుగా ఎంఎంటీఎస్ 2024 మార్చిలో మొదలైంది గానీ, రోజూ దాన్నే నమ్ముకుని ఆఫీసుకు వెళ్లేటన్ని రైళ్లు లేవు. మా ఆయనకు ఇప్పటికంటే రానూపోనూ గంట ఎక్కువవుతుంది. ఆ గంట ఆయన ఒప్పుకున్నాకే మిగతా మాటలు.

పాత కాలనీలో నన్ను బాగా కలచింది ఖాళీ ఇళ్లు. కొన్ని వీధుల్లో సాయంత్రం ఆరింటికి కూడా అలికిడి ఉండదు. గేటుకు తాళం, వాకిట్లో ఎండుటాకులు, లెటర్‌బాక్సులో కుక్కిన కరెంటు బిల్లులు. తాళం లేని ఇళ్లలో వాలుకుర్చీలో ఒకరు, వాకర్ పట్టుకుని ఒకరు. ఇన్ని కష్టాలు పడి ఇళ్లు కట్టారు, పిల్లల్ని చదివించారు, ఆ చదువే పిల్లల్ని ఖండాలు దాటించింది. మా పెద్దవాడు ఒక వీధిలో నడుస్తూ, "ఇక్కడ నాతో ఆడుకోవడానికి ఎవరున్నారమ్మా?" అని అడిగాడు. అక్కణ్నుంచి నేను పొద్దున ఏడున్నరకు వచ్చి ఏ మలుపు దగ్గర ఎంతమంది పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడుతున్నారో చూడటం మొదలుపెట్టాను. పాత ఇళ్లను కొనో అద్దెకు తీసుకునో చిన్న కుటుంబాలు దిగుతున్న వీధులున్నాయి. అక్కడ ఒకే గోడకు అటు తాతగారి తులసికోట, ఇటు పిల్లల సైకిళ్లు. అలాంటి వీధిలోనే ఇల్లు దొరకాలని కోరుకున్నాను.

దొరికింది. మెరక మీద, వీధి కంటే మూడు మెట్ల ఎత్తులో, నూట అరవై గజాల్లో. చూడటానికి ఏమీ బాగోదు. వెనక గదిలో స్లాబు పెచ్చులు ఊడి ఇనుము కనబడుతోంది. గోడల అడుగున ఉప్పు పట్టి సున్నం రాలుతోంది. మా పిన్ని కొడుకు సివిల్ ఇంజినీరు. వాణ్ని తీసుకెళ్తే సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల విడిపోయినచోట బోలుగా మోగుతుంది. నీరు దిగి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటును బయటికి తోసేస్తుందని విడమరిచి చెప్పాడు.

"అక్కా, దెబ్బతిన్నది ఈ ఒక్క గదే. మిగతాది ఇంకో ఇరవై ఏళ్లకు ఢోకా లేదు. కానీ పిల్లర్లు లేని ఇల్లు, తొమ్మిదంగుళాల గోడల మీదే నిలబడింది. పైన ఇంకో రెండు అంతస్తులు వేద్దామనుకుంటే మాత్రం కొనకండి."

మాకు పైఅంతస్తులు అక్కర్లేదు. బ్యాంకుకు మాత్రం ఇంటి వయసుతో పని ఉంది. వాళ్ల ఇంజినీరు వచ్చి కట్టడానికి విలువ తక్కువా, నేలకు ఎక్కువా కట్టాడు. లోను గడువు మేం అడిగినదానికంటే తగ్గించారు. రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి ఏడున్నర శాతం ఎటూ ఉంది. పాత ఇల్లు చవక అనుకునేవాళ్లు ఈ అంకెలూ, మరమ్మతు ఖర్చూ ముందే రాసి చూసుకోవాలి.

కాగితాల దగ్గర లాయరు గారు మమ్మల్ని చాలా తిప్పారు, తిప్పడమే మంచిదైంది. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందు సొసైటీ రాసిచ్చిన పత్రం కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. ఆ సర్టిఫికెట్లో రిజిస్టరైనవే కనిపిస్తాయి, కోర్టులో నడిచే తగాదాలూ, రిజిస్టరు కాని వీలునామాలూ కనిపించవు. ఇంటి యజమాని కాలం చేశారు. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. ఇల్లు మాట్లాడుతున్నది కొడుకు. కూతుళ్లిద్దరూ సంతకం పెడితేనే ముందుకు వెళ్దామని లాయరు గారు గట్టిగా చెప్పారు. పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. తన తరఫున సంతకానికి ఆమె ఇచ్చే జీపీఏ అక్కడ ధ్రువీకరణ చేయించుకుని, ఇక్కడికొచ్చాక స్టాంపు పడి, అంతా అయ్యేసరికి దసరా వెళ్లి సంక్రాంతి వచ్చింది. ఈలోగా కొడుకు విసుక్కున్నాడు, వేరే పార్టీ ఉందన్నాడు. మేం ఆగాం. ఆ అమ్మాయి వీడియో కాల్లో మాట్లాడుతూ, "నాన్న కట్టించిన ఇల్లు, నన్ను కూడా అడిగినందుకు సంతోషం అక్కా" అంది. వాటా కంటే ఆ అడగడమే ఆమెకు కావాల్సిందేమో అనిపించింది.

పుష్యం వెళ్లి మాఘం వచ్చాక రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బాకీలు తీర్చిన రసీదులు చేతికొచ్చాకే మిగతా డబ్బిచ్చాం. పక్కింటి మామ్మగారు ఆ రోజే గోడ మీంచి మాకో షరతు పెట్టారు. వెనక ఉన్న ఇంకుడు గుంత పూడ్చొద్దట, అది పూడిస్తే ఆవిడ బోరు ఎండుతుందట. పూడ్చం మామ్మగారూ, ఇంకా లోతు చేయిస్తాం అన్నాను. మేస్త్రీ వచ్చి పని మొత్తం చూసి గచ్చు ముందు మొదలుపెడదామన్నాడు. వద్దు, ముందు వెనక గది స్లాబు, డాబా మీద వాటర్ ప్రూఫింగు, గచ్చు తర్వాత చూద్దాం, ఏమైనా సరే మృగశిర కార్తె లోపల పైకప్పు పని అయిపోవాలని చెప్పి అడ్వాన్సు ఇచ్చాం.